కొల్లేటి లంకలలో అక్షర సేవ

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, ఏలూరు పట్టణానికి దక్షిణంగా విస్తరించి ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి పేర్కొన్న కునాల జలం ఈ సరస్సేనని చరిత్రకారులు భావిస్తారు. దండి తన దశకుమారచరితంలో ఆంధ్రనగరం చెంత వర్ణించిన మహాసరస్సు కూడా ఇదేనని పలువురి అభిప్రాయం. సరస్సుకు ఉత్తరాన కొద్ది దూరంలో ఉన్న నేటి పెదవేగి, శాలంకాయనులకూ తరువాత తూర్పు చాళుక్యులకూ రాజధానిగా వెలసిన నాటి వేంగి. ఇంత ప్రాచీన వాఙ్మయంలో పేరుకెక్కిన నీటి ఒడ్డున, కథల పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూసి పక్కన పెట్టే పిల్లలు నేటికీ ఉన్నారు. వారు బడి ఎరుగనివారు కారు. హాజరు పట్టీలో వారి పేర్లు ఉంటాయి. పిలిచినప్పుడు పలుకుతారు, నల్లబల్లమీది అక్షరాలను అందంగా నోటుపుస్తకంలోకి ఎక్కిస్తారు కూడా. అయితే తాము రాసినదాన్ని చదవలేరు.

ఈ దుస్థితి కొల్లేటికే పరిమితమైనది కాదు. 2005 నుంచి దేశమంతటా స్వచ్ఛంద కార్యకర్తలు గ్రామాలలో ఇల్లిల్లూ తిరిగి పిల్లల పఠన సామర్థ్యాన్ని పరిశీలిస్తున్నారు. 'అసర్' అనే పేరుతో వెలువడే ఆ నివేదికల ప్రకారం, 2018లో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 27 మంది. కరోనా కారణంగా బడులు మూతపడిన తరువాత, 2022లో ఆ సంఖ్య 20కి పడిపోయింది. 2024 నాటికి మళ్ళీ 27కు చేరింది. కోలుకున్నామని సంతోషించవచ్చు కాని, కోలుకున్న తరువాత కూడ నూటికి డెబ్బైమందికి పైగా వెనుకబడే ఉన్నారన్నది మరువరాదు. 2011 జనాభా లెక్కలలో నాటి పశ్చిమగోదావరి జిల్లా అక్షరాస్యత 74 శాతం దాటింది. ఉమ్మడి రాష్ట్రంలో ముందువరుసలో నిలిచిన జిల్లా అది. కాని జిల్లా సగటులో లంక గ్రామపు లెక్క కనిపించదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల చదువు ఆ సగటును పైకి లాగుతుంది.

పిల్లవానికి చదవడం రావాలంటే బడి, పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయుడు మాత్రమే చాలవు. వాడు తప్పులు చదువుతున్నప్పుడు పక్కన ఓపికగా కూర్చుని వినే మనిషి ఒకరు కావాలి. చదువుకున్న ఇంట ఆ పని తల్లి చేస్తుంది, లేదా అక్క చేస్తుంది. చదువు లేని ఇంట ఆ చోటు ఖాళీగా ఉంటుంది. స్వచ్ఛంద సేవకుడు నింపవలసిన చోటు అదే.

ఇటువంటి సేవ ఈ ప్రాంతానికి కొత్త కాదు. భీమవరానికి సమీపంలోని కుముదవల్లి గ్రామంలో భూపతిరాజు తిరుపతిరాజు ప్రభృతులు 1897లోనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయాన్ని స్థాపించారు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయానికి మూలమైన పుస్తక భాండాగారం ఆ మరుసటి సంవత్సరం వెలసింది. విజయవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో ఏర్పడింది. 1914లో అదే నగరంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య ఈ ఉద్యమానికి తన జీవితాన్నే ధారపోశారు. ప్రభుత్వం పూనుకొనక ముందే, జమీందారు దానం కోసం ఎదురుచూడకుండా, గ్రామస్థులే తలా కొంత వేసుకొని పుస్తకాలు కొని, ఒకరి అరుగుమీద పెట్టి, చదివినవారు చదవలేనివారికి చదివి వినిపించడం నాటి గ్రంథాలయాల పద్ధతి. చదవలేనివాడు గ్రంథాలయానికి ఎందుకు రావాలన్న ప్రశ్న నాటివారికి తోచలేదు. వినడానికి వచ్చినవాడు కొన్నాళ్ళకు చదవడానికి కూర్చుంటాడన్నది వారి నమ్మకం.

ఆ ఉద్యమ చరిత్రలో కొల్లేటివారికి దగ్గరగా తోచే ఘట్టం ఒకటి ఉంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపారు. రోడ్లు అంతగా లేని ఆ రోజులలో డెల్టా ప్రజలు కాలువల మీదనే ప్రయాణం చేసేవారు. తాడును గట్టుమీదినుంచి మనుషులు లాగుతుండగా పడవ గంటల తరబడి మెల్లగా సాగేది. ఆ తీరిక సమయాన్ని ఆయన చదువు సమయంగా మార్చారు. ప్రయాణికులకు, ఒడ్డునున్న గ్రామాలవారికి పుస్తకాలు అందేవి. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని దగ్గరకు వెళ్ళాలన్న సూత్రానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు. గోదావరి ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం మీదుగా వచ్చి ఏలూరులో కృష్ణా కాలువను కలుస్తుంది. నీటి దారులకు కొదువలేని సీమ ఇది.

పిల్లలకు పిల్లలే చదువు చెప్పే పద్ధతికి కూడ తెలుగువారి వీధిబడులలో పాతుకొన్న వేళ్ళు ఉన్నాయి. 'ఓనమాలు' అన్న మాటే ఆ బడుల జ్ఞాపకం. 'ఓం నమః' అని మొదలయ్యే మంగళవాక్యాన్ని ఇసుకలో వేలితో దిద్దించడం అక్షరాభ్యాసానికి ఆది కాబట్టి, అక్షరాలకే ఆ పేరు స్థిరపడింది. పంతులు ఒక్కడే, పిల్లలు పలువురు. పెద్ద పిల్లలు చిన్నవారికి దిద్దించేవారు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు 1789 తరువాత మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నిర్వహిస్తూ, సమీపంలోని దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, ఒక బాలుని చేతనే తక్కినవారికి అక్షరాలు నేర్పించాడు. ఇంగ్లండుకు తిరిగివెళ్ళి 1797లో దానిపై పుస్తకం ప్రచురించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఆ దేశపు పేద పిల్లల బడులలో వ్యాపించింది. మన వీధి అరుగుమీది ఏర్పాటు సముద్రాలు దాటి వెళ్ళిందన్నమాట.

అయితే వీధిబడిని ఆకాశానికెత్తడం కూడ తగదు. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలోని దేశీయ పాఠశాలలపై నివేదిక సమర్పించాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే ఏర్పాటును మెచ్చుకుంటూనే, ఆయన ఒక లోపాన్ని ఎత్తిచూపాడు. పిల్లలు చదివే గ్రంథాలు వారు మాట్లాడే భాషకు చాలా దూరమైన కావ్యభాషలో ఉండటంవల్ల, పద్యాలను అర్థమెరుగక చిలుకలవలె వల్లిస్తున్నారని రాశాడు. తెలుగు, కన్నడ పిల్లల గురించి చెప్పిన ఈ మాటకు రెండు వందల యేళ్ళు నిండినా, నేటి తరగతి గదిలో దాని పదును తగ్గలేదు. కావ్యభాషను ప్రేమించేవారు సైతం పసివాని తొలి వాచకానికి అది తగదని ఒప్పుకొనక తప్పదు.

ఈ సత్యాన్ని ఆచరణలో చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో ఆయన సవరల భాష నేర్చుకొన్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులు పెట్టి, సొంత సొమ్ముతో నడిపించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయన పేరు అందరికీ తెలుసు. కాని ఆ ఉద్యమానికి ముందే, బడి మెట్లెక్కని పిల్లల పక్కన కూర్చున్న ఉపాధ్యాయుడాయన.

స్వాతంత్ర్యానంతరం అక్షరాస్యతకు స్వచ్ఛంద సేవ పెద్ద ఎత్తున తోడైన కాలం 1990 దశకం. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన తొలి జిల్లాగా ప్రకటింపబడింది. తెలుగు జిల్లాలలోనూ ఆ ఉద్యమం వ్యాపించింది. జీతం లేని బోధకులు లాంతరు వెలుగులో వయోజనులకు మూడు వాచకాలు చెప్పారు. కళాజాతా బృందాలు పాటలతో ఊరూరా తిరిగాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో వాచకంలోని సీతమ్మ కథ చదివిన స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించడం, అది రాష్ట్రవ్యాప్త సారా వ్యతిరేకోద్యమంగా మారడం ప్రసిద్ధమైన చరిత్ర. అది పెద్దల చదువే అయినా పిల్లల చదువుతో దానికి విడదీయరాని బంధముంది. సంతకం నేర్చిన తల్లి కూతురిని బడి మాన్పించడానికి అంత సులభంగా ఒప్పుకోదు.

లంక గ్రామాలలో ఈ పని మైదాన గ్రామాలలోవలె సాగదు. కొల్లేటి గర్భంలో 46, ఒడ్డున 76 గ్రామాలు ఉన్నాయని చెప్పుకోవడం పరిపాటి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు, డెల్టా మురుగు కాలువలు సరస్సులోకి నీరు తెస్తే, ఉప్పుటేరు ఒక్కటే దాన్ని సముద్రానికి చేరుస్తుంది. రాక ఎక్కువ, పోక తక్కువ. అందువల్ల వానకాలంలో దారులు మునగడం, బడికి సెలవులివ్వడం ఆనవాయితీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరద, తరువాతి రోజులలో కొల్లేటి లంకల దారులను కూడ ముంచెత్తింది. బడి సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. పిల్లవాడు అక్షరాలలో కుదురుకొనే నెలలూ, నీరు దారులెక్కే నెలలూ ఒక్కటే కావడం ఇక్కడి పిల్లల దురదృష్టం.

జీవనోపాధి తెచ్చే చిక్కులు మరికొన్ని. తెల్లవారుజామున మావులు ఎత్తడానికి, వలలు తీయడానికి తండ్రితోపాటు దోనె ఎక్కే బాలుడు బడివేళకు అలసిపోయి ఉంటాడు. 1999లో సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టివేసింది. సరస్సును కాపాడటానికి ఆ చర్య అవసరమేనని పర్యావరణవేత్తలు అంటారు. బ్రతుకుతెరువు పోయిందని లంకవాసులు అంటారు. వాదం ఏదైనా, పని వెతుక్కుంటూ కదిలిన కుటుంబంతోపాటు బిడ్డ చదువూ కదులుతుంది. ఇక సరస్సు చుట్టుపట్ల మిగిలిన చేపల చెరువుల గట్లమీద గుడిసెలు వేసుకొని కాపలా కాసే కుటుంబాలున్నాయి. వీరిలో ఇతర జిల్లాలనుంచి వచ్చినవారు అనేకులు. గట్టుమీది గుడిసె ఏ ఊరికీ చెందదు. పిల్లలను లెక్కించే జాబితాలో ఆ గుడిసె తప్పిపోవడం సులభం.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆరునుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడం ప్రభుత్వ బాధ్యత అని అది శాసిస్తుంది. కాబట్టి గట్టుమీది పిల్లవాణ్ణి బడిలో చేర్చే విషయంలో స్వచ్ఛంద సేవకుడు దయ చూపించమని అడగనవసరం లేదు. చట్టం ప్రకారం అడగవచ్చు. చేర్పించడం మొదటి మెట్టు మాత్రమే. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది.

ముందుగా ఎవరు ఎక్కడ ఉన్నారో తెలుసుకోవాలి. 'అసర్' పరీక్ష ఇందుకు బాగా ఉపకరిస్తుంది. ఒక కాగితంమీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక చిన్న కథ ఉంటాయి. పిల్లవానిచేత చదివించి, వాడు ఆగినచోటును గుర్తించుకొంటే చాలు. ఒక్కొక్కరికి పట్టే సమయం కొద్ది నిమిషాలే. అటుపై పిల్లలను తరగతిని బట్టి కాక, వారు ఆగిన చోటును బట్టి జట్లు చేస్తారు. ఐదవ తరగతి పిల్లవాడు రెండవ తరగతి పిల్లతో కలిసి అక్షరాల జట్టులో కూర్చోవలసి రావచ్చు. వాడికి అది చిన్నతనంగా తోచకుండా చూడటం బోధకుని నేర్పు. వాడిచేత చాప పరిపించి, పుస్తకాలు పంచిపెట్టించి, పెద్దరికం కట్టబెట్టడం అనుభవజ్ఞులు చేసే పని.

తెలుగు లిపిని నేర్పే క్రమం గురించి కొంత ఆలోచించాలి. అచ్చులు, హల్లులు కలిసి యాభైకి పైబడిన అక్షరాలు. ఒక్కొక్క హల్లుకు గుణింతం పన్నెండు రూపాలు అనుకొన్నా, నాలుగు వందలకు పైగా ఆకారాలు. వాటిపై ఒత్తులు. ఇవన్నీ వరుసగా వచ్చిన తరువాతనే పదం చదవాలన్న నియమం పెడితే, పిల్లవాడు అర్థవంతమైన మాట ఒకటి చదవడానికి నెలలు పడతాయి. ఆలోపు వరద వస్తుంది, లేదా కుటుంబం వలస పోతుంది. అందువల్ల సాక్షరతా వాచకాలు పదంతో మొదలుపెట్టి అక్షరానికి వచ్చే పద్ధతిని అవలంబించాయి. తెలిసిన వస్తువు పేరు ముందు. దానిలోని అక్షరం తరువాత.

కొల్లేటి పిల్లవానికి తెలిసిన వస్తువులు ఏమిటి? వల, పడవ. ఈ రెండు మాటలతో వ, ల, ప, డ అనే నాలుగక్షరాలు వస్తాయి. 'తల' చేరిస్తే త కూడ వస్తుంది. ఈ అయిదింటితో 'లత', 'వడ', 'తడవ' అనే కొత్త మాటలు వాడే కూర్చుకోగలడు. ఇక 'కల' నేర్పితే పలక, కలప, కడవ వచ్చి చేరతాయి. ఇంకా తలకట్టు దాటకుండానే పది మాటలు చదివిన పిల్లవాడు, తాను చదవగలనని నమ్ముతాడు. ఆ నమ్మకం కుదిరిన తరువాత గుణింతానికి చేప, నీరు, దోనె, గూడు ఉన్నాయి. ఒత్తులకు గట్టు, తట్ట, కిక్కిస ఉన్నాయి. కిక్కిస అంటే సరస్సులో దట్టంగా పెరిగే రెల్లు జాతి గడ్డి అని పట్టణపు విద్యార్థికి చెప్పాలి. లంక పిల్లవానికి చెప్పనక్కరలేదు. ఏనుగు బొమ్మ చూపి 'ఏ' నేర్పేచోట, వాడి ఊరి బస్సు వెళ్ళే 'ఏలూరు' చూపి నేర్పితే ఆ అక్షరం మరవడు. ఖ, ఘ, ఛ వంటి మహాప్రాణాలు ఇంటిమాటలలో అరుదు కాబట్టి వాటిని చివరకు ఉంచినా నష్టం లేదు.

న్యూజిలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఈ రోజు నీకు ఏ మాట కావాలని ఒక్కొక్క బిడ్డనూ అడిగి, ఆ మాటను అట్టముక్కమీద రాసి ఇచ్చేది. భయమో, ప్రేమో, కోరికో నిండిన మాటను బిడ్డ ఒక్కసారి చూసి గుర్తుపట్టడం ఆమె గమనించింది. ఆమె అనుభవాలు 1963లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. ఈ పద్ధతికి పెట్టుబడి అట్టముక్కలు, సిరాకలం. పిల్లవాడు చెప్పిన రెండు వాక్యాలను బోధకుడు వాడి మాటల్లోనే రాసి, వాడిచేతనే చదివించడం దీనికి కొనసాగింపు. కొర్రమేను ఎలా జారిపోయిందో, వాలుగను ఎలా పట్టుకోవాలో చెప్పేటప్పుడు లంక పిల్లవాడు పండితుడు. ఆ పాండిత్యం కాగితమెక్కితే అదే వాని మొదటి వాచకం. అటపాక పక్షుల కేంద్రంలో దిగే గూడబాతుల గురించి ఏ పాఠ్యపుస్తకం చెప్పేదానికంటె అతడు చెప్పేది ఎక్కువ.

ఇటువంటి సేవ ఫలిస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధకులు సమాధానం వెదికారు. 2005-06లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు ఈ విషయాన్ని పరిశీలించారు. వీరిద్దరూ తరువాత, 2019లో, మైకేల్ క్రెమర్‌తో కలిసి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నారు. బడి బాగోగులపై గ్రామసభలు జరిపి వివరాలు చెప్పినంతమాత్రాన పిల్లల చదువులో మార్పు రాలేదు. గ్రామ యువకులకు నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి పఠన శిబిరాలు పెట్టించినచోట మాత్రం, వచ్చిన పిల్లలు చదవడం నేర్చుకొన్నారు. 'వచ్చిన పిల్లలు' అన్న మాటను జాగ్రత్తగా గమనించాలి. చదవలేని పిల్లలలో శిబిరానికి వచ్చినవారు నూటికి సుమారు 13 మందే. పద్ధతి మంచిదైనా, రానివారిని రప్పించే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా నాగర్‌కర్నూలు ప్రాంతంలో 2008-2010 మధ్య రెండు వందలకు పైగా గ్రామాలలో ఇంకొక పరిశీలన జరిగింది. సగం గ్రామాలలో, ఆ ఊరివారే బడి వేళల తరువాత రోజూ పిల్లలను కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు చెప్పారు. రెండేళ్ళ తరువాత ఆ గ్రామాల పిల్లలు తక్కిన గ్రామాల పిల్లలకంటె స్పష్టంగా మెరుగైన మార్కులు సాధించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే. ఊరి మనిషి రోజూ ఉన్నచోట చదువు నిలిచింది.

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలో విద్యార్థి శక్తికి లోటు లేదు. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల 1945 నుంచి నడుస్తున్నది. తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ 2015లో ఏర్పడింది. ఆ పట్టణానికి చేరువలో వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకం క్రింద, కళాశాల విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సమాజసేవకు వినియోగించాలి. వారం రోజుల ప్రత్యేక శిబిరం కూడ అందులో భాగం. ఆ వారం రోజులలో రోడ్లు ఊడ్చి, ర్యాలీ తీసి, ముగింపు సభలో ఛాయాచిత్రం దిగి వెళ్ళిపోవడం తేలిక. వారంలో ఎవరికీ చదవడం రాదు. ఆ 240 గంటలను వారానికి రెండు సాయంకాలాల చొప్పున ఒకే గ్రామానికి, అదే పదిమంది పిల్లలకు కేటాయిస్తే లెక్క మారుతుంది. క్యూబా దేశంలో 1961లో లక్షమందికి పైగా విద్యార్థులు లాంతర్లు చేతబట్టుకొని పల్లెలకు వెళ్ళి, నెలల తరబడి రైతుల ఇళ్ళలోనే ఉండి చదువు చెప్పారు. వారిలో అనేకుల వయస్సు నేటి ఇంటర్మీడియట్ విద్యార్థుల వయస్సే. అంతటి త్యాగం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. కాని పట్టణంనుంచి వచ్చే విద్యార్థి, ఊరిలో పదవ తరగతి చదివి ఇంటివద్దనున్న ఒక అమ్మాయిని తనకు తోడు చేసుకొంటే, వరదకు దారి మునిగిన రోజులలో కూడ దీపం ఆరదు. పట్టణపు విద్యార్థి పరీక్షలకు వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయి ఊళ్ళోనే ఉంటుంది. పిల్లలు ఆమెను అక్కా అని పిలుస్తారు. మేడమ్ అని పిలవవలసిన మనిషి ముందు తప్పు చదవడానికి జంకే పిల్లవాడు అక్క ముందు జంకడు.

పుస్తకాల మాట మిగిలింది. పాఠ్యపుస్తకం ఒక్కటే చదివేవాడు దాన్ని కంఠతా పట్టి, చదివినట్లు భ్రమ కలిగిస్తాడు. కొత్త పుస్తకం ఇచ్చినప్పుడే నిజం తెలుస్తుంది. 1947లో పుట్టిన చందమామ అరవయ్యేళ్ళకు పైగా తెలుగు పిల్లలకు ఆ కొరత తీర్చింది. ఆ పత్రిక ఆగిపోయాక, పల్లెలలో నెలనెలా వచ్చే పుస్తకం కోసం ఎదురుచూసే అలవాటు కూడ చాలావరకు పోయింది. ఇళ్ళ పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకం చెల్లించే పౌరులకు 1960 నాటి గ్రంథాలయ చట్టం ఒక హక్కు ఇచ్చింది. గ్రంథాలయం లేని గ్రామాలలో పుస్తక నిక్షిప్త కేంద్రాలు పెట్టే ఏర్పాటు జిల్లా గ్రంథాలయ సంస్థల పద్ధతులలో ఉంది. ఊరివారు చోటు చూపి, పుస్తకాలకు బాధ్యత వహించే మనిషిని చూపి అడగాలి. రాష్ట్ర విద్యాశాఖ 2020లో 'చదవడం మాకిష్టం' అనే కార్యక్రమాన్ని చేపట్టింది. పేరు బాగుంది. ఇష్టం కలగాలంటే పుస్తకం బీరువాలో తాళం వేసి ఉండరాదు. చిరుగుతుందని దాచిన పుస్తకంకంటె చిరిగిన పుస్తకమే మేలు చేసింది. లంకలో తడుస్తుంది కూడ. ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇంటికిస్తే తడవదు. తిరిగి వస్తుందా అని సందేహించేవారికి, చేతి పుస్తకంలో బిడ్డచేతనే పేరు రాయించుకొనే పద్ధతి ఉంది. తన సంతకంతో తీసుకొన్న పుస్తకాన్ని తిరిగి తేవడం పిల్లలు గౌరవంగా భావిస్తారు.

ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వస్తుంది. లంకలన్నీ అటే కదులుతాయి కాబట్టి ఆ రోజులలో సాయంకాలపు చదువు సాగదు. సాగించాలని ప్రయత్నించనూ రాదు. జాతర ముగిసేసరికి వేసవి దగ్గరపడుతుంది, దారులు ఆరి ఉంటాయి, వరద భయం ఉండదు. పిల్లలను మళ్ళీ ఒక్కొక్కరిగా పరీక్షించి, వర్షాలకు ముందు ఆగినచోటునుంచి ఎంత దూరం వచ్చారో చూసుకోవడానికి అనువైన సమయం అది. పాత కాగితం, అదే కథ కాకుండా వేరొక కథ ఇవ్వాలి. కథ లేకపోతే రోడ్డుమీదికి తీసుకువెళ్ళినా సరిపోతుంది. 'తాడేపల్లిగూడెం' అన్న ఊరిపేరులో దీర్ఘం, ఏత్వం, తలకట్టు, గుడి, లవత్తు, కొమ్ముదీర్ఘం, ఎత్వం, సున్న అన్నీ ఉన్నాయి. జూన్‌లో 'వల' దగ్గర మొదలుపెట్టిన బిడ్డ మార్చిలో ఆ బోర్డును ఎవరి సాయమూ లేకుండా చదివి, ఈ బస్సు మనది కాదు అని పక్కనున్న అమ్మమ్మకు చెప్పగలిగితే, మరుసటి జూన్‌లో అక్షరాల జట్టులో ఒక చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటులో కూర్చోవలసిన పిల్ల చెరువు గట్టుమీది గుడిసెలో ఉండవచ్చు.